పళ్ళెం మోగని వీధి

రెండో వీధి మలుపులో ఆగి, మస్తానయ్య కంచు పళ్ళేన్ని ఎడమచేతి వేళ్ళకు మళ్ళీ తగిలించుకున్నాడు. దారం తడిసి జారుతోంది. దాన్ని ఇంకోచుట్టు బిగించి, సరుగుడు కర్రతో గట్టిగా మోగించి, గొంతెత్తాడు.

"వినండో... పెద్దకాపులు జెప్పిన దురాయి. ఈ పొద్దు గ్రామసభ అయిందాకా పాతపాళెం పడవా పోగూడదు, కొత్తపాళెం పడవా పోగూడదు. ఇంటికొకరు పాట షెడ్డు కాడికి రావాల. తప్పినోడికి నిప్పు లేదు, నీళ్ళు లేదు. వినలేదనేరు..."

ఆ చివరి "వినలేదనేరు" కులపెద్దలైన పెద్దకాపులు చెప్పింది కాదు. అది మస్తానయ్య సొంతంగా తగిలించుకున్న తోక. ఎందుకు తగిలించుకున్నాడో పాతవాళ్ళకు తెలుసు, కొత్తవాళ్ళు అదీ దురాయిలో భాగమే అనుకుంటారు.

గుమ్మంలో చేపలు తోముతున్న గురవమ్మ తలెత్తకుండానే, "అన్నా, నీ గొంతు వింటే పొయ్యి మీద పాలు విరిగిపోతా ఉండాయి" అంది.

"విరిగితే కోవా జేసుకో మే. నాకూ కాస్త పెట్టు."

మనిషి పొట్టి. పక్కటెముకలు చొక్కాలోంచి కూడా కనిపిస్తాయి. మోకాళ్ళు నల్లగా కాయలు కాసి ఉంటాయి. ఎడమచెవి ఎండిన వంకాయ ముక్కలా ముడుచుకుపోయి తలకు అంటుకొని ఉంటుంది. ఇంత చిన్న ఒంట్లోంచి అంత గొంతు ఎట్లా వస్తుందో ఊరికి ఇప్పటికీ ఆశ్చర్యమే. తెల్లవారగానే చేపలు వేలం వేసే పాట షెడ్డు ఊడ్చి నెత్తురు కడగడం, పెద్దకాపులు పిలిస్తే చాటింపు వేయడం, ఎవరైనా పోతే ఆ కబురు మోగించడం, ఇదీ ఆయన పని. పడవలు వచ్చినప్పుడు తలా ఒక చేప పడేస్తారు. దానితోనే బతికాడు, దానితోనే కూతుర్ని పెంచాడు, పెళ్ళాం కామెర్లతో పోయినప్పుడు ఆ కబురు కూడా తనే మోగించుకుంటూ వీధులన్నీ తిరిగాడు.

ఆ తీరంలో పోలీసు మాట కాదన్నవాళ్ళున్నారు, కోర్టు మాట కాదన్నవాళ్ళూ ఉన్నారు. దురాయి, అంటే పెద్దకాపులు వేసిన ఆన, దాటి మర్నాడు నవ్వుతూ తిరిగినవాడు మాత్రం లేడు. అయితే పెద్దలు కూర్చొని అనుకున్నంత మాత్రాన అది దురాయి అయిపోదు. పళ్ళెం మోగాలి, మాట చెవిన పడాలి. పళ్ళెం మోగని వీధికి దురాయి లేనట్టే. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. దురాయి వేసిన గొంతే దాన్ని ఎత్తాలి. ఆ గొంతు లేకపోతే ఆ ఇంటి రక్తం ఎత్తాలి. అప్పటిదాకా పెద్దకాపు తలకిందులుగా నిలబడినా ఒక్క పడవ నీళ్ళలో దిగదు.

మస్తానయ్య చెవి పోయింది దురాయి వల్లనే. మీసాలు సరిగా రాని వయసులో ఇంజను సామాను కోసం అల్లూరు పోయి, తెల్లారేటప్పటికి వచ్చి, నేరుగా పడవెక్కాడు. ముందురోజు దురాయి పడిందని ఆయనకు తెలియదు. తిరిగొచ్చేసరికి ఒడ్డున జనం కాచుకొని ఉన్నారు. పడవ ముక్కుకు తాడేసి కట్టారు. ఇప్పటి పెద్దకాపు గంగులయ్య వాళ్ళ నాయన తడిసిన తాడుతో కొట్టాడు. ముఖం మీదా, వీపు మీదా, ఎక్కడ తగిలితే అక్కడ. "నేను వినలా" అని మస్తానయ్య అరుస్తూనే ఉన్నాడు. చెవిలోంచి నెత్తురు కారి మెడ మీద గడ్డకట్టింది. వాళ్ళ ఇల్లున్న చివరి వీధికి చాటింపుకాడు తాగి పోనేలేదని, ఇంట్లోవాళ్ళకూ తెలియదని తర్వాత తేలింది. అప్పుడైనా తప్పయిందని ఎవరూ అనలేదు. "వినలా వినలా అంటివి గదరా, ఇంక నువ్వే చాటు" అని పళ్ళెం తెచ్చి చేతిలో పెట్టారు. ఆ ఊళ్ళో న్యాయం జరగడమంటే అంతే.

అప్పటినుంచి ఆయన ఏ వీధీ వదల్లేదు. జ్వరమొచ్చినా వదల్లేదు, తుఫాను గాలిలోనూ వదల్లేదు. ఇంకొకడికి తన గతి పట్టకూడదని ఆయన పట్టుదల.

పెద్ద అల వచ్చి ఊరు సగం కొట్టుకుపోయాక దక్షిణం వైపు కట్టిందే కొత్తపాళెం. రెండు పాళేలదీ ఒకే కులం, ఒకే గంగమ్మ. ఇచ్చిపుచ్చుకోవడాలు కూడా వాళ్ళలో వాళ్ళకే. ఆర్నెల్ల కిందటిదాకా గొడవే లేదు. ప్రభుత్వం ఒడ్డున చేపలు దించే ప్లాట్‌ఫారం కడతామంది. ఐసు గదీ, లారీ వచ్చే రోడ్డూ అక్కడే వస్తాయంది. ఒకటే కడతామంది. అది ఏరు సముద్రంలో కలిసే మొగ కాడ రావాలని పాతపాళెం, దక్షిణపు ఒడ్డున రావాలని కొత్తపాళెం. వాళ్ళు పాతిన రాళ్ళు వీళ్ళు పీకారు, వీళ్ళ వల ఒకటి రాత్రికి రాత్రి తగలబడింది. గంగమ్మ తిరునాళ్ళలో దున్నపోతును నరికిన కత్తి తుడవకముందే మనుషుల మీదికి లేచింది. ఒకడికి భుజం తెగింది, ఇంకొకడికి రెండు వేళ్ళు పోయాయి. వాటిని కాగితంలో చుట్టి నెల్లూరు తీసుకుపోయినా అతకలేదు.

మస్తానయ్య ఉండేది పాతపాళెంలో. కూతురు స్వర్ణను ఇచ్చింది కొత్తపాళెంలో. అల్లుడు ప్రసాద్‌కు ఒక ఫైబర్ పడవా, దానికి మించిన కోపమూ ఉన్నాయి.

కొత్తపాళెం చివరి వీధిలోకి తిరగ్గానే మస్తానయ్య కర్రను చంకలో పెట్టుకున్నాడు. కూతురిది పురుటిల్లు. ఇంకా పురుటి నీళ్ళు పోయలేదు. చావు కబురు చెప్పే పళ్ళెం పురుటింటి వాకిట్లో మోగకూడదు. వీధి అంతా కలిపి పది గడపలు కూడా లేవు. ఇంటింటికీ పోయి నోటితో చెప్పేస్తే సరిపోతుందనుకున్నాడు. ముందు బిడ్డను ఒక్కసారి చూసి పోదామనుకున్నాడు.

స్వర్ణ గడప లోపలే పడుకొని ఉంది. "నాయినా, మోగించబాకు. రాత్రంతా ఏడ్చి ఇప్పుడే కన్ను మూసింది" అంది.

"నేనెందుకు మోగిస్తా తల్లీ. కర్ర చంకలో ఉండాది జూడు." బయటే గొంతుక్కూర్చున్నాడు. "మీ ఆయన యాడ?"

"ఒడ్డున వల సర్దుతా ఉండాడు. నువ్వేమన్నా తిన్యావా?"

"తింటాలే."

స్వర్ణ బిడ్డను గుడ్డలో చుట్టి గడప దగ్గరికి జరిపింది. మస్తానయ్య పళ్ళెం కింద పెట్టి, చెయ్యి చొక్కాకు తుడుచుకొని, వేలు చాపాడు. ఆ పిడికిలి దాన్ని పట్టుకుంది. ఇంతేసి గోళ్ళు. ఆయన వేలికి రొయ్యల వాసన, నెత్తురు వాసన. అవేమీ ఆ పసిదానికి పట్టలేదు, గట్టిగా పట్టుకొనే నిద్రపోయింది. వాళ్ళమ్మ ముక్కే అనుకున్నాడు. పెళ్ళాం బతికుంటే ఇప్పుడు చావు పళ్ళెంతో ఈ గుమ్మంలో తనను కూర్చోనిచ్చేది కాదని కూడా అనుకున్నాడు. వేలు లాక్కోకుండా అట్లాగే కూర్చున్నాడు. చాలాసేపటికి వేలు మెల్లగా విడిపించుకొని, పళ్ళెం తీసుకొని, చప్పుడు చేయకుండా వీధి దాటి వెళ్ళిపోయాడు. ఏ గడపలోనూ ఏమీ చెప్పలేదు. చెప్పలేదన్న సంగతి కూడా ఆయనకు తట్టలేదు.

పొద్దు బాగా ఎక్కేసరికి పాట షెడ్డు ముందు ఇసకను చదును చేశారు. పంచాయతీ సెక్రటరీ అనూష ముగ్గు బస్తా దగ్గర నిలబడి ఉంది. కొడవలూరు అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. రెండు పాళేలను ఎదురెదురుగా కూర్చోబెడితే కొట్టుకుంటారని భయపడి ఒక ఉపాయం ఆలోచించింది. ఊరంతా ఇసకలో ముగ్గుతో గీస్తారు. ఇంటికొకరు వచ్చి, ప్లాట్‌ఫారం ఎక్కడ కావాలో అక్కడ ఒక గవ్వ పెట్టి పోతారు. మాట్లాడే పని లేదు.

"మస్తానయ్య గారూ, వీధులు మీరు గీస్తారా? రెండు వైపులవాళ్ళూ మీరైతే ఒప్పుకుంటామన్నారు" అంది.

ఆయనకు గర్వమనిపించింది. పళ్ళెం వీపుకు తగిలించుకొని, పిడికిట్లోంచి పిండి వదులుతూ నడిచాడు. ఏరు, గంగమ్మ గుడి, బడి, పాతపాళెం వీధులు. ఎప్పుడూ నడిచే వరసలోనే నడిచాడు. జనం చుట్టూ చేరి, మా ఇల్లు అదీ, మీ పేడదిబ్బ ఇదీ అని నవ్వుకున్నారు. ఆర్నెల్ల తర్వాత రెండు పాళేలు కలిసి నవ్వడం అదే. పెద్దకాపు గంగులయ్య కుర్చీలో కూర్చొని కాలు మీద కాలు వేసుకొని చూస్తున్నాడు. ఆయన కొడుకు ముఖేష్ షెడ్డు స్తంభానికి ఆనుకొని నిలబడ్డాడు.

కొత్తపాళెం చివరి వీధి గీస్తూ మస్తానయ్య చెయ్యి ఆగిపోయింది.

ఈ వీధిలో తను మోగించలేదు.

పిడికిట్లోని పిండి ఒకేచోట కుప్పగా రాలింది. తలెత్తి సముద్రం వైపు చూశాడు. అలలు విరిగేచోటికి అవతల, నీలం చార ఉన్న ప్రసాద్ పడవ ఒడ్డుకు తిరిగి ఉంది.

"అయ్యో" అన్నాడు. గంగులయ్య వైపు రెండడుగులు వేశాడు. అప్పటికే ఎవడో వేలు చూపించి కేక పెట్టాడు. నవ్వుతున్న జనం లేచి ఒడ్డుకు పరుగెత్తారు. ఆ రద్దీలో మస్తానయ్యను ఎవరో తోసేస్తే బోర్లా పడ్డాడు. ఆయన లేచేసరికి పడవ ముక్కు ఇసకకు తగిలింది.

ప్రసాద్ కిందికి దిగనేలేదు. ముఖేష్ అతని జుట్టు పట్టి ఈడ్చాడు. ఇద్దరు పడవెక్కి చేపల కత్తితో వలను నిలువునా కోశారు. ఆ పల్లెల్లో వల కోయడమంటే ఇంట్లో మనిషిని నరికినట్టే. ఇంకొకడు లంగరు రాయి ఎత్తి ఇంజను మీద వేశాడు, అది పగిలేదాకా వేస్తూనే ఉన్నాడు. ప్రాణమున్న చేపలు ఇసకలో కొట్టుకుంటుంటే వాటి మీదే తొక్కుతూ కొట్టారు.

"ఎవురు జెప్పినారురా దురాయని?" ప్రసాద్ నోట్లోంచి నెత్తురుతో పాటు ఒక పన్ను రాలింది. "మా వీధిలో పళ్ళెం మోగలా."

"మస్తాను ఊరంతా తిరిగినాడు. నీ వీధి మాత్రం యాడికి పోయిందిరా?" అన్నాడు గంగులయ్య. గొంతు పెంచలేదు. "కట్టండి వాణ్ణి."

పడవ ముక్కుకు తాడు వేశారు. చేతులు వెనక్కి విరిచి కట్టారు. ముఖేష్ తెడ్డు అందుకొని మోకాళ్ళ మీద కొట్టాడు. ఆ చప్పుడు అలల హోరులో కూడా వినిపించింది.

మస్తానయ్య చూసింది ఆ తాడునే. అదే ముడి. తన మణికట్టు మీద ఇప్పటికీ ఉంది దాని మచ్చ.  పళ్ళెం చేతికి తగిలించుకొని, కర్ర ఎక్కడ పడిపోయిందో తెలియక, పిడికిలితోనే మోగించాడు. వేళ్ళు చిట్లేదాకా మోగించాడు.

అందరూ ఆగారు. పళ్ళెం మోగితే నోరు మూసుకోవడం వాళ్ళకు పుట్టుకతో వచ్చిన అలవాటు.

"వాడు జెప్పింది నిజం" అన్నాడు మస్తానయ్య. చాటింపు గొంతు కాదది. "ఆ వీధిలో నేను మోగించలా. పురుటిల్లని కర్ర చంకలో పెట్టుకున్నా. నోటితో జెప్దామనుకోని, బిడ్డను జూసి మరిచిపోయినా. తప్పు నాది. ఆ వీధికి దురాయి లేదు. కట్టాలంటే నన్ను కట్టండి. వాణ్ణి ఇడవండి."

గంగులయ్య ముఖం గంటు పెట్టుకొని, "అల్లుడి కోసం అబద్ధమాడతా ఉండావు" అన్నాడు.

"అన్నా, ఈ చెవి మీద ఒట్టు" అన్నాడు మస్తానయ్య.

ఆ మాటతో పాతపాళెం పెద్దవాళ్ళు కొందరు తలలు దించుకున్నారు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కానీ నిజం విన్న కొత్తపాళెం మనుషులకు అప్పుడు రేగింది. తప్పు లేకుండానే కొట్టారా మావాణ్ణి? తప్పు లేకుండానే వల కోశారా? ఎవడో మొదటి రాయి విసిరాడు. అది గంగులయ్య నుదుటికి తగిలింది. ఆ తర్వాత ఎవరు ఎవర్ని కొట్టారో ఎవరికీ తెలియదు. తెడ్లు, సరుగుడు గెడలు, పగిలిన ఐసు పెట్టె రేకులు. ఆడవాళ్ళు కూడా కొంగులు బిగించి ఇసకా, కారమూ కళ్ళల్లో కొట్టారు. కొట్టుకుంటూ కొట్టుకుంటూ షెడ్డు ముందుకొచ్చి, ముగ్గుతో గీసిన గుడీ బడీ వీధులూ అన్నీ తొక్కి కలిపేశారు. తెల్లని పిండి ఎర్రని ముద్దలై కాళ్ళకు అంటుకుంది. అనూష షెడ్డు గోడకు కరుచుకుపోయి ఫోనులో ఏడుస్తూ మాట్లాడుతోంది.

మస్తానయ్య ఆ సందట్లో పడవ దగ్గరికి పోయి ప్రసాద్ కట్లు విప్పుతున్నాడు. తడి ముడి రావడం లేదు. పళ్ళతో పట్టి లాగాడు.

ముఖేష్ ప్రసాద్ కోసమే వచ్చాడు. ఎడమవైపు నుంచి వచ్చాడు. "మామా, జరుగు" అని ప్రసాద్ అరిచాడు గానీ అటు చెవి పోయిన మనిషికి ఆ గోలలో అది అందలేదు. ఎత్తిన తెడ్డు మస్తానయ్య తల పక్కన పడింది. పళ్ళెం వేళ్ళ నుంచి జారి, దొర్లుకుంటూ పోయి, ఎవరి కాలి కిందో పడి సొట్టపోయింది.

అల్లూరు నుంచి పోలీసు జీపు వచ్చేసరికి ఒడ్డు ఖాళీ. పారిపోలేనివాళ్ళే మిగిలారు. ప్రసాద్‌ను ముందు ఒక ఆటోలో పడుకోబెట్టి ఆసుపత్రికి పంపారు. మస్తానయ్య తనంతట తనే లేచి, నడిచి వచ్చి, షెడ్డు గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ముక్కులోంచి సన్నగా ఒక గీత నెత్తురు కారింది, అంతే. అనూష నీళ్ళు తాగించింది. పళ్ళెం తెమ్మంటే తెచ్చి ఒళ్ళో పెట్టింది.

"అంబులెన్స్ వస్తోంది. కదలకండి."

"నాకేమైంది తల్లీ. అల్లుణ్ణి జూడు." కాసేపాగి అడిగాడు. "సభ అయినట్టేనా?"

"సభ ఎక్కడ జరిగింది మస్తానయ్య గారూ? వాయిదా వేశాం."

"అట్నా." పళ్ళెం మీద సొట్టను బొటనవేలితో తడిమాడు. "అయితే ఎత్తగూడదు. అయినాక జెప్పు, మోగిస్తా."

కళ్ళు మూసుకున్నాడు. ఎండ ముఖాన పడుతోందని అనూష తన చున్నీ తీసి అడ్డం కట్టింది. నిద్రపోయాడనుకొని, ఆయన దగ్గరే కూర్చొని, ఈగలు తోలుతూ ఉంది. అంబులెన్స్ మనిషి వచ్చి మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూసి, "పోయి చాలాసేపయినట్టుంది మేడమ్" అన్నాడు.

ఊళ్ళో ప్రతి చావుకూ మోగిన పళ్ళెం ఆయన చావుకు మోగలేదు. మోగించే మనిషి లేడు. కబురు నోటితోనే పాకింది. పాడె మోయడానికి రెండు పాళేల నుంచీ మనుషులు వచ్చారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా మోశారు. ముఖేష్‌నూ, ఇంకొందర్నీ పోలీసులు తీసుకుపోయారు.

మర్నాడు తెల్లారకముందే అలవాటు కొద్దీ మగవాళ్ళంతా ఒడ్డుకు వచ్చారు. వచ్చి నిలబడిపోయారు. దురాయి అట్లాగే ఉంది. ఎవరో ఒక కుర్రవాడు, పోయినోడి దురాయి ఏంది, పదండి అన్నాడు. ఎవరూ పడవ మీద చెయ్యి వేయలేదు. ఆ మర్నాడూ అంతే. గాలి బాగుంది, నీళ్ళు తేటగా ఉన్నాయి, ఒడ్డుకు దగ్గర్లోనే చేప ఎగురుతూ కనిపిస్తోంది. లారీలు వచ్చి ఉత్తవే పోయాయి. రెండు పాళేల్లోనూ పొయ్యిలు ఒక పూటే వెలిగాయి.

చివరికి గంగులయ్య, నుదుటికి కట్టుతో, కొత్తపాళెం చివరి వీధికి తనే నడిచి వచ్చాడు. వెనక రెండు పాళేల పెద్దలూ ఉన్నారు. గడపకు ఇవతలే ఆగారు.

"నీకు నీళ్ళు పోసినారని తెలిసి వచ్చినామమ్మా" అన్నాడు. "ఎత్తు తల్లీ. మీ నాయిన తర్వాత నువ్వే ఎత్తాల. పిల్లోళ్ళు పస్తులుండారు."

స్వర్ణ బిడ్డను భుజాన వేసుకొని వచ్చి గడప మీద నిలబడింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బి ఉంది. మోగించబాకు అన్నది తనే. ఆ మాట ఆమెను ఒక్క రాత్రీ నిద్రపోనివ్వలేదు.

"మా నాయిన ఏమని వేసినాడు పెద్దకాపూ?"

"సభ అయిందాకా అని."

"సభ అయిందా?"

గంగులయ్య నుదుటి కట్టు సర్దుకున్నాడు. వెనకవాళ్ళు ఇసకలోకి చూశారు.

"రెండు పాళేలూ పోయి షెడ్డు ముందర కూర్చోండి. నెత్తురు కడిగి మళ్ళా ముగ్గు వేయండి. ఆయన కూలబడిన గోడ కాడ నువ్వు కూర్చో. ప్లాట్‌ఫారం యాడ కడతారో నాకు అక్కర్లేదు, సముద్రంలో కట్టుకోండి. సభ అయిందని ఆ అనూషమ్మ వచ్చి చెప్పాల. అప్పుడు మోగిస్తా." గొంతు పెరిగింది. ఆమె గొంతు అంత పెద్దదని ఆ వీధికి అప్పటిదాకా తెలియదు. "వినలేదనేరు."

తలుపు వేసుకుంది.  తర్వాత గంగులయ్య తలపాగా విప్పి చేత్తో పట్టుకొని, షెడ్డు వైపు నడిచాడు.

లోపల ఉయ్యాల పైన మేకుకు పళ్ళెం వేలాడుతోంది, అంచున ముగ్గుపిండి, ఆ పిండిలో ఎండిన మరక, దాన్ని స్వర్ణ ఇంకా తోమలేదు.